ఆఫ్రికాలో ఉన్నవాళ్ళు చెప్పండి: అక్కడి నాటువైద్యులు జబ్బుకి కారణం ఎలా తేలుస్తారు?

దార్‌లో తెలుగమ్మాయి:
అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా టాంజానియాలో, దారెస్సలాంలో ఉంటున్నాం. మా ఇంట్లో పిల్లల్ని చూసుకునే దాదా (ఇక్కడ పనిచేసే అమ్మాయిని అలాగే పిలుస్తారు, అక్క అని అర్థం) కొడుక్కి రెండేళ్ళు. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. పోయిన వారం వాడికి జ్వరమొచ్చి, ఆ వెంటనే ఫిట్స్ వచ్చాయి. ఫోను వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమని నేను మొత్తుకుంటున్నా, ఆ అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఇది డెగెడెగె. సూది పడితే పిల్లాడు పోతాడు. ముందు మ్గాంగా దగ్గరికి వెళ్ళాలి" అంది. మ్గాంగా అంటే నాటువైద్యుడు. గంటన్నర బతిమాలాక ముందు అక్కడికి, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్ళారు. మలేరియా అన్నారు. బాబు ఇప్పుడు కోలుకుంటున్నాడు.

ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది. తెల్లారాక ఆవిడ గొంతులో వణుకు గుర్తొచ్చి బాధేసింది. మనవడి మీద నాకంటే ఆవిడకే కదా ఎక్కువ ప్రేమ! వీళ్ళు జబ్బు ఎందుకొస్తుందని అనుకుంటారు? మ్గాంగా దాన్ని ఎలా తేలుస్తాడు? దగ్గర నుంచి చూసినవాళ్ళు చెప్పండి. ఎగతాళి మాత్రం వద్దు.

పాత స్టెతస్కోప్:
అమ్మా, నేను టాంజానియాలోనే బగమోయో వైపు ఆరేళ్ళు పిల్లల వార్డులో పనిచేశాను. మీరు చెప్పిన గంటన్నర నాకు బాగా తెలుసు.

డెగెడెగె అంటే ఏమిటో చెబుతాను. అక్కడి భాష స్వాహిలీలో 'ండెగె' అంటే పక్షి. కోస్తా ఊళ్ళలో, ఒక షెతానీ, అంటే దుష్టశక్తి, రాత్రిపూట పక్షి రూపంలో వచ్చి పసిబిడ్డల్ని పట్టుకుంటుందని, అప్పుడే ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుంటుందని నమ్మకం. మనం ఒకే మలేరియాగా చూసేదాన్ని వాళ్ళు రెండు జబ్బులుగా చూస్తారు. ఒళ్ళు కాలితే 'హోమా'. దానికి ఆస్పత్రి మాత్రలు వేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఫిట్స్ వచ్చిన క్షణం నుంచీ అది డెగెడెగె, ఇక ఆస్పత్రికి సంబంధించింది కాదు. మూలికల నీళ్ళతో స్నానం, ఏనుగు పేడ పొగ పట్టడం లాంటివి చేస్తారు.

సూది అంటే భయం ఎక్కడిదో నాకు వార్డులోనే అర్థమైంది. పిల్లల్ని ఆఖరి నిమిషంలో తెచ్చేవాళ్ళు. సూది వేసేవాళ్ళం, కొందరు అరగంటలో పోయేవాళ్ళు. బయట వరండాలో కూర్చున్న అమ్మమ్మలకు కనిపించింది సూది, దాని వెనకే చావు. ఆలస్యం అన్నది వాళ్ళకు కనిపించే వస్తువు కాదు.

ఇంకో సంగతి. అక్కడ 'దేవుడి జబ్బు', 'మనిషి జబ్బు' అని రెండు మాటలు వాడతారు. దేవుడి జబ్బు ఎవరికైనా వస్తుంది, మందు వేస్తే పోతుంది. ఎన్ని మందులు వేసినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి తిరగబెడితే, ఒకే ఇంట్లో వరసగా మనుషులు పడిపోతే, అప్పుడు దీని వెనక మనిషి చెయ్యి ఉందేమోనని అనుమానం మొదలవుతుంది. అంటే మందు పనిచేయకపోవడమే ఒక పరీక్ష. మా మాత్రలు పనిచేస్తే అది దేవుడి జబ్బు, పనిచేయకపోతే కాదు. ఇది తెలిశాక నేను అడిగే మొదటి ప్రశ్న మార్చుకున్నాను. "ఎన్ని రోజుల నుంచి జ్వరం?" అని కాకుండా "మ్గాంగా ఏమన్నారు?" అని అడిగేవాణ్ణి. తల్లులు భయం లేకుండా అన్నీ చెప్పేవాళ్ళు, ఏ ఆకు తాగించారో కూడా.

నిజం నిప్పు:
డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా అన్నయ్య కామెర్లకు పసరు మందు నమ్ముకుని 34 ఏళ్ళకే పోయాడు. వాళ్ళ నమ్మకం వాళ్ళది అని మనం ఇలా అర్థం చేసుకుంటూ కూర్చుంటే ఈలోగా పిల్లాడి గతేం కావాలి?

పాత స్టెతస్కోప్:
మీ కోపం న్యాయమైనది. ఆ వార్డులో పసిపిల్లల కళ్ళు మూసినవాణ్ణి, నాకూ ఆ కోపం ఉంది. కానీ అరిచిన రోజున తల్లి మళ్ళీ రాలేదు. అడిగి తెలుసుకున్న చోట, ఆ ఊరి మ్గాంగాయే "దీన్ని నువ్వు ముందు ఆస్పత్రికి తీసుకుపో, తర్వాత నా దగ్గరికి రా" అని పంపిన రోజులు కూడా చూశాను. నేను అర్థం చేసుకున్నది పిల్లాడి కోసమే.

డర్బన్ బాబాయ్:
నేను దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో 19 ఏళ్ళుగా ఉంటున్నాను. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చెరకు తోటలకు కూలికి వచ్చినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మా ఆవిడ అలాంటి కుటుంబంలో పిల్ల. కాబట్టి జులూ ఇరుగుపొరుగు మాకు కొత్త కాదు.

ఇక్కడ ఇద్దరు వేరువేరు మనుషులున్నారు. మూలికలు తెలిసినవాడు 'ఇన్యాంగా'. జబ్బుకి కారణం చెప్పేది 'ఇసంగోమా', ఎక్కువగా ఆడవాళ్ళు. వార్విక్ జంక్షన్‌లో సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద పెద్ద మూలికల బజారు ఉంది. బెరళ్ళు, గడ్డలు, కట్టలు కట్టిన ఇంపెఫో ఆకులు. పొద్దున్నే అటు వెళితే ఆ వాసన చొక్కాకి సాయంత్రం దాకా ఉంటుంది.

మా పక్కింటావిడ రిటైరైన స్కూలు టీచరు. ఆవిడ కాలు వాచింది, నెలలు గడిచినా తగ్గలేదు. ఆస్పత్రి మాత్రలు వేసుకుంటూనే ఉంది. ఆవిడ అనుమానం 'ఉమెకో'. దాటినది అని అర్థం. ఎవరో దారిలో మందు పెడితే తెలియక దాని మీదుగా నడిచినవాళ్ళకు కాళ్ళకు పట్టే జబ్బు. ఒంటరిగా వెళ్ళకూడదట, తోడు రమ్మంది, వెళ్ళాను.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఇసంగోమా "ఏమైంది?" అని అడగనే లేదు. మనం చెప్పకూడదు, ఆమే కనిపెట్టాలి. చాప మీద కూర్చోబెట్టి ఇంపెఫో వెలిగించింది. తెల్లటి పొగ. అది పితరులను పిలవడానికి. తర్వాత ఆమె ఒక్కో మాట అంటుంటే మేం చప్పట్లు కొట్టి "సియావుమా" అనాలి, ఒప్పుకుంటున్నాం అని. "ఇది తలలో లేదు" అంటే చప్పట్లు, "ఇది కింద ఉంది" అంటే ఇంకా గట్టిగా. మా చప్పట్ల జోరు వింటూ ఆమె దారి మార్చుకుంటూ పోయింది. అది మాయ అని కొందరు తీసిపారేస్తారు. నేను పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను, వచ్చినవాళ్ళ మనసులో ఉన్నది వాళ్ళ చేతులతోనే బయటికి తీయించడం అది. ఆఖర్న ఎముకలు విసిరింది. మేక కీళ్ళ ఎముకలు, గవ్వలు, ఒక డొమినో బిళ్ళ, పాత నాణేలు. ఏది ఎవరో ఆమెకు తెలుసు, ఏది దేనికి ఎంత దూరంలో పడిందన్నది చదువుతుంది.

ఉమెకో కాదని తేల్చింది. చనిపోయిన మీ అన్నను ఇంకా ఇంటికి తెచ్చుకోలేదు అంది. ఇక్కడ మనిషి పోయిన ఏడాదికో ఎప్పటికో ఎద్దును కోసి 'ఉకుబుయిసా' చేస్తారు. పోయినవాడి ఆత్మను ఇంటికి తిరిగి తెచ్చి పితరుల్లో కలపడం. డబ్బు దగ్గర తమ్ముడితో గొడవపడి వీళ్ళు అది వదిలేశారు. ఆ మాట వినగానే టీచరమ్మ ఏడ్చేసింది.

మూడు నెలలకు ఉకుబుయిసా జరిగింది, మేమూ వెళ్ళాం. కాలు ఇప్పుడు బాగుంది. మాత్రల వల్లో ఇంకో దానివల్లో నేను చెప్పలేను. అయిదేళ్ళు మాట్లాడుకోని అక్కాతమ్ముళ్ళు ఒకే పళ్ళెంలో మాంసం తినడం మాత్రం నా కళ్ళతో చూశాను.

అన్ని జబ్బులూ పితరులకే అంటగడతారని అనుకోకండి. జలుబు, రొంప, ఊరంతా వచ్చే జ్వరాలను 'ఉమ్‌ఖుహ్లానే' అంటారు, వాటికి ఎవరూ కారణం కాదు, వచ్చి పోతాయి. ఇంట్లో చావో పురుడో జరిగితే మనుషుల చుట్టూ 'ఉమ్‌న్యామా', అంటే చీకటి, కమ్ముకుంటుందంటారు. మన మైల లాంటిది, కానీ దానివల్ల దురదృష్టం, నీరసం కూడా వస్తాయని నమ్మకం. దానికి ముందు నల్ల మందులు, తర్వాత ఎర్రవి, చివర తెల్లవి. నలుపు చెడును బయటికి లాగుతుంది, తెలుపు మనిషిని తిరిగి వెలుగులోకి తెస్తుంది. ఆ వరస తప్పకూడదు. ఇక తిండిలో పెట్టిన విషం 'ఇసిద్లిసో'. దగ్గు, రక్తం, చిక్కిపోవడం. చదువుతుంటేనే మీకు టీబీ గుర్తొచ్చి ఉంటుంది. ఇక్కడి నర్సులకు అదే టెన్షన్. ఇసిద్లిసో అనుకున్నవాళ్ళు ఆరు నెలల మందుల కోర్సు మధ్యలో ఆపేస్తారు.

దార్‌లో తెలుగమ్మాయి:
బాబాయ్, చదువుతూ కళ్ళు చెమర్చాయి. ఇసంగోమా ఎలా అవుతారు? చదువుకుంటారా?

డర్బన్ బాబాయ్:
కావాలని ఎవరూ అవ్వరమ్మా. ముందు జబ్బు చేస్తుంది. కలలు, ఒళ్ళునొప్పులు, తిండి సయించకపోవడం. అది పితరుల పిలుపు అని ఇంకో ఇసంగోమా తేలిస్తే ఆమె దగ్గరే ఉండి నేర్చుకోవాలి. దాన్ని 'ఉకుత్వాసా' అంటారు. ప్రభుత్వం కూడా 2007లో సంప్రదాయ వైద్యుల చట్టం తెచ్చి వీళ్ళను, ఇన్యాంగాలను, మంత్రసానులను అందులో చేర్చింది.

ఇబదాన్ మాస్టారు:
నేను నైజీరియాలో లెక్కల టీచరుగా 12 ఏళ్ళు ఉన్నాను. అక్కడి యొరుబా జాతివాళ్ళు సోది చూసే పద్ధతి 'ఇఫా'. లెక్కల మనిషిని కాబట్టి అది నన్ను కట్టిపడేసింది. ఇఫా చూసే పూజారిని బాబలావో అంటారు. అతను 16 తాటిజాతి గింజలను చేతుల మధ్య మార్చుకుంటూ, పిండి చల్లిన పళ్ళెం మీద ఒంటి గీతలు, జంట గీతలు గీస్తాడు. అలా 256 గుర్తులు వస్తాయి. ఒక్కోదానికి బోలెడు పద్యాలు, అన్నీ నోటికి రావాలి. యునెస్కో కూడా ఇఫాను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

వచ్చినవాడు తన బాధను బాబలావోకు చెప్పడు. ఒక నాణేన్ని నోటి దగ్గర పెట్టుకుని దానితో గుసగుసగా చెప్పి కింద పెడతాడు. గుర్తు తేలాక బాబలావో పద్యం తర్వాత పద్యం చదువుతూ పోతాడు. ఏదో ఒక పద్యంలో, పాత కాలంలో ఎవరో ఇలాగే బాధపడ్డ కథలో, తన కథ కనిపించినప్పుడు రోగి ఆపుతాడు. రోగ నిర్ణయంలో ఆఖరి మాట రోగిదే! ఇది నేను ఇంకెక్కడా వినలేదు.

అక్కడ 'అబికు' అని ఒకటుంది. పుట్టి చచ్చి, మళ్ళీ అదే తల్లికి పుట్టి మళ్ళీ చచ్చే బిడ్డ. పైలోకంలో తోటి పిల్లలతో వెనక్కి వచ్చేస్తానని ఒప్పందం పెట్టుకుని వస్తుందట. అందుకే ఆ పిల్లలకు బతిమాలే పేర్లు పెడతారు. మలొమొ, అంటే మళ్ళీ వెళ్ళకు. దురోజయే, ఉండి బతుకును చవిచూడు. కొసొకొ, గొయ్యి తవ్వడానికి పార లేదు. ఇగ్బెకొయి, అడవి కూడా దీన్ని వద్దంది. నా క్లాసులో ఒక మలొమొ ఉండేది. హాజరు పిలిచిన ప్రతిసారీ వాళ్ళమ్మ గుర్తొచ్చేది.

సీలేరు గాలి:
మాస్టారూ, మా ఏజెన్సీలో పెంటయ్య, పెంటమ్మ, పుల్లమ్మ అని ఎందుకు పెట్టారో గుర్తొచ్చింది. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే ఈసారి పెంట మీద పడేసి తెచ్చుకున్నాం, ఎవరికీ అక్కర్లేదు, వదిలెయ్యి అని చెప్పడం. నేను ఇక్కడ ఆరోగ్య కార్యకర్తను. మీరు చెప్పిన అబికులో సికిల్ సెల్ (వంశంలో వచ్చే రక్తం జబ్బు) ఉండి ఉంటుందా?

ఇబదాన్ మాస్టారు:
అక్కడి డాక్టర్లు అదే అంటారు, చాలామంది అబికు పిల్లలు సికిల్ సెల్ పిల్లలేనని. ఆ జబ్బుతో పుట్టే పిల్లలు ప్రపంచంలో అందరికంటే నైజీరియాలోనే ఎక్కువ.

ఘనాలో ఇంకో సంగతి. నాటువాళ్ళకు ఇది దెయ్యమని తప్ప తెలియదనుకోవద్దు. అక్కడి భాషల్లో ఈ జబ్బుకు ఎప్పటి నుంచో పేర్లున్నాయి. గా భాషలో 'చ్వెచ్వెచ్వె', ఫాంటేలో 'న్వీవీ'. ఎముకల్ని కొరుకుతూ ఆగని నొప్పికి ధ్వనితో పెట్టిన పేర్లు. మనం జివ్వుజివ్వుమంటోంది అన్నట్టు. ఇది వంశంలో వచ్చేదనీ వాళ్ళకు తెలుసు. ఘనా వైద్యుడు కొనొటే-ఆహులు తన సొంత వంశంలోనే ఈ జబ్బును తరం తర్వాత తరం 1670 దాకా వెనక్కి లెక్కగట్టి చూపించారు. పెద్దవాళ్ళు ఆ పేర్లు గుర్తుపెట్టుకోబట్టే కదా అది కుదిరింది!

సీలేరు గాలి:
మా దగ్గర 2023లో సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక రక్త పరీక్షలకు ఇల్లిల్లూ తిరుగుతున్నాం. రేపటి నుంచి "మీ ఇంట్లో ఎముకలు కొరికే నొప్పి ఎవరికైనా ఉండేదా? మీ భాషలో దాన్ని ఏమంటారు?" అని అడుగుతాను. ఇన్నాళ్ళూ ఇది అడగాలని తోచలేదు.

రెండో బెంచీ:
నేను ఆంత్రోపాలజీ పీజీ. దక్షిణ సూడాన్, కాంగో వైపు ఉండే అజాందే అనే జాతివాళ్ళ సంగతి మా క్లాసులో తప్పకుండా చెబుతారు. గాదె కింద నీడకు కూర్చున్నవాళ్ళ మీద గాదె కూలింది. చెదలు తిన్నాయని వాళ్ళకు తెలుసు. కానీ ఎప్పుడో కూలాల్సిన గాదె, వీళ్ళే కూర్చున్నప్పుడు, ఆ గంటలోనే ఎందుకు కూలింది? చెదలు దానికి జవాబు చెప్పవు. మంత్రప్రయోగం చెబుతుంది. ఎవరు చేశారో తేల్చడానికి కోడిపిల్లకు 'బెంగే' అనే విషం పెట్టి అడిగేవాళ్ళు, బతికితే ఒక జవాబు, చస్తే ఇంకొకటి. అదే ప్రశ్న రెండో కోడికి తిప్పి వేసి సరిచూసుకునేవాళ్ళు కూడా.

నిజం నిప్పు:
అందరివీ చదివాను. చాలా నేర్చుకున్నాను. కానీ ఒకటి అడగాలి. కారణం పితరులైతే ఎద్దును కోస్తారు, సరే. కారణం ఫలానా మనిషి అని తేలితే?

పాత స్టెతస్కోప్:
అడగాల్సింది అడిగారు. టాంజానియాలో సుకుమా ప్రాంతంలో ముసలమ్మల కళ్ళు ఎర్రగా ఉంటే మంత్రగత్తెలని చంపేశారు. ఆ ఎరుపు ఎక్కడిది? జీవితమంతా పేడ పిడకల పొయ్యి ముందు ఊదుతూ వండినందుకు. ఘనాలో గంబాగా అనే ఊళ్ళో, ఇలా వెళ్ళగొట్టిన ఆడవాళ్ళు బతకడానికి ఒక శిబిరమే ఉంది. చేతబడి పేరుతో మన తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళలో జరిగినవి మీకు తెలుసు. నాకు ఇక్కడే గీత గీయాలనిపిస్తుంది. చనిపోయినవాళ్ళతో రాజీపడమని చెప్పే మ్గాంగాతో నేను కలిసి పనిచేస్తాను. బతికున్న మనిషి పేరు చెప్పేవాడితో చేయను. ఒకసారి నా పేషెంటు తల్లి అలాంటి పేరు చెబితే, ఆ పొరుగావిడను పిలిపించి, బిడ్డ రక్తంలో మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో ఇద్దరికీ చూపించాను. పొరుగావిడ చాలాసేపు కన్ను తీయలేదు.

దార్‌లో తెలుగమ్మాయి:
ఆదివారం మా దాదాతో కలిసి ఊరు వెళ్ళొచ్చాను. బాబు మెడలో నల్లదారం తాయెత్తు ఉంది. డాక్టరు గారు చెప్పినట్టు ముందు మ్గాంగా ఏమన్నారని అడిగాను. అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. తనకు ఇద్దరు పిల్లలు డెగెడెగెతోనే పోయారట, ఒకరు సూది పడిన రాత్రే. ఈసారి మ్గాంగా తాయెత్తు కట్టి, "ఇప్పుడు సూది ఏమీ చేయదు, వెళ్ళండి" అన్నాడట. అందుకే వెళ్ళిందట.

మళ్ళీ జ్వరం వస్తే ఫిట్స్ దాకా ఆగకుండా మొదటి రోజే తీసుకెళ్ళమని అడిగాను. తాయెత్తు తీయరు కదా అని అడిగింది. అక్కడి నర్సుతో మాట్లాడాను, తీయం అంది. సరే అంది అమ్మమ్మ. వచ్చేటప్పుడు సంచీ నిండా కసావా దుంపలు కట్టిచ్చింది.