ఉదయగిరి, భైరవకోన రెండు రోజుల్లో అవుతాయా?

నెల్లూరు కుర్రోడు:
కార్తీక మాసంలో అమ్మానాన్నతో, ఇద్దరు స్నేహితులతో కారులో పోదామని. శనివారం ఉదయగిరి దుర్గం, ఆదివారం భైరవకోన. నాన్నకి మోకాళ్ల నొప్పులు. దుర్గం ఎక్కగలరా? పైన నీళ్లు దొరుకుతాయా?

వింజమూరు అన్న:
తమ్ముడూ, నాన్నగారిని దుర్గం ఎక్కించొద్దు. కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర ముట్టడిస్తే గానీ 1514లో గజపతుల చేతిలోంచి ఈ కోట రాలేదు, కింద నిలబడి కొండ వైపు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. మేం ఒక మార్చిలో నలుగురం కలిసి రెండు సీసాల నీళ్లతో, అదీ ఎండెక్కాక బయలుదేరాం. సగం దారిలోనే నీళ్లు అయిపోయి మా తమ్ముడికి కళ్లు తిరిగాయి. మేకలు కాసే పెద్దాయన తన సీసాలో నీళ్లు వాడి నోట్లో పోసి, తలమీద తడిగుడ్డ వేసి కూర్చోబెట్టాడు. ఆయన మేలు ఇప్పటికీ మర్చిపోలేను. మనిషికి మూడు లీటర్లు పట్టుకెళ్లు, వెలుగొచ్చీ రాగానే ఎక్కు, దారి తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకో.

కావలి అక్క:
మీరు కొండెక్కి దిగేలోపు అమ్మానాన్న ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర కూర్చోవచ్చు. నేను చూసినావిడ ఫోర్కు పళ్లు ఒక్కోటీ ఆకురాయితో రుద్దుతూ, మధ్యమధ్యలో బుగ్గకి ఆనించి నునుపు చూసుకుంటోంది. పిడి చివర వేలిగోరంత ఆకు, దానికి ఈనెలు కూడా. అంత పని చూశాక బేరమాడడానికి నోరు రాలేదు. మీరూ ఆడొద్దు నాయనా.

సీఎస్ పురం:
భైరవకోన మా మండలమే. నాన్నగారికి ఇక్కడ ఇబ్బంది లేదు, మెల్లగా చేయి పట్టుకుని నడిపిస్తే చాలు. కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఏడు తూర్పుకి, ఒకటి ఉత్తరానికి. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని జనం విపరీతంగా వస్తారు, పెద్దవాళ్లతో ఆ రోజు వద్దు. జలపాతం మాత్రం వానలు పడితేనే. కార్తీకం మనకి తుపాన్ల కాలం కాబట్టి నీళ్లు ఉండొచ్చు, అప్పుడే బండలు నాచు పట్టి జారతాయి. పోయినేడు మా కళ్లముందే ఒకబ్బాయి ఫోటో కోసం పైబండ మీదికెక్కి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాన పట్టిన రోజు నీళ్లలోకి అసలు దిగొద్దు.

వింజమూరు అన్న:
ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా పొండి. పెట్రోలు ఉదయగిరిలోనే ఫుల్ చేయించుకోండి.

నెల్లూరు కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అన్నా. దుర్గం మేం ముగ్గురమే ఎక్కుతాం, పౌర్ణమి అయిన వారానికి పెట్టుకుంటాం. అక్కా, గరిటెలు చేసేవాళ్లు ఏ వీధిలో ఉంటారు? అమ్మ ఇప్పుడే అడుగుతోంది.

కావలి అక్క:
బస్టాండు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. పొద్దున పూటే పంపించు, పని చేస్తుండగా చూడాలి.