ఆటోక్రాస్ కారుకి బయట కెమెరా: ఒప్పుకోవాలా, ఆపేయాలా?

జయపురం చిన్న:
వచ్చే ఆటోక్రాస్‌కి, అదే మన మట్టి ట్రాక్ కార్ల పోటీకి, నిర్వాహకులు పంపిన రూల్స్ చూశారు కదా. కారు బాడీ బయట ఏ కెమెరా ఉండకూడదట. లోపల ఒక్కటి పెట్టుకోవచ్చు, అదీ స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు బండి తనిఖీలో, చూపించి స్టిక్కర్ వేయించుకున్నదే. నాకు ఇది నచ్చలేదు. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్లు లెక్కతో కాదనండి.

గోప్రో అనే చిన్న కెమెరాని కారుకి అతికించే రబ్బరు సక్షన్ కప్పుని గంటకి 240 కిలోమీటర్ల పైన పరీక్షించామని కంపెనీయే రాస్తుంది. మన మట్టి ట్రాక్‌లో 80 దాటేది ఎక్కడ? ఎఫ్1 రేసు కార్లకి బయట కెమెరాలు లేవా? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగినప్పుడు మనవాళ్లు ఇక్కడి నుంచి రైలెక్కి వెళ్లారు. అయినా వాళ్లకి నచ్చిందల్లా టీవీలో చూసిన, కారు మీది నుంచి తీసిన వీడియోనే.

ఇంకో సంగతి. నాకు టైర్లు సగం ధరకి ఇచ్చిన షాపతను అడిగేది ఒక్కటే: ముందు చక్రం తిరుగుతూ, మట్టి లేస్తూ, టైరు పేరు కనపడే షాట్. లోపలి నుంచి అది రాదు. కోరాపుట్, రాయగడ వైపు కుర్రాళ్లకి స్పాన్సర్ దొరికేదే అలాంటి వీడియోతో. దాన్నీ ఆపేస్తే ఎంట్రీ ఫీజు ఎవరు కడతారు?

రాయగడ గ్యారేజీ:
చిన్నా, లెక్కతోనే చెప్తాను. 80 స్పీడులో అంత చిన్న కెమెరాని గాలి నెట్టేది నూట యాభై గ్రాముల బరువంత కూడా ఉండదు. స్పీడు రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలు అవుతుంది. అయినా నున్నటి, శుభ్రమైన పెయింటు మీద మంచి కప్పు తట్టుకుంటుంది. శత్రువు గాలి ఒక్కటే అయితే నేను నీ పక్షమే.

కప్పుని ఊడదీసేది అదురు. మన ట్రాక్ అంతా ఎర్రమట్టి, గతుకులు. డోరు రేకూ బానెట్ రేకూ పలచన, బండి గెంతినప్పుడల్లా లోపలికీ బయటికీ ఆడతాయి. రేకు ఆడినప్పుడు కప్పు అంచు దగ్గర వెంట్రుకంత సందు పడుతుంది. అందులోకి ధూళి దూరిందంటే ఆ సందు మళ్లీ మూసుకోదు. గ్యారేజీకి వచ్చిన బళ్ల మీద కప్పు లేపి చూస్తే పెయింటు మీద గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. ఆ ముద్ర అంచు నుంచి మధ్యకి ఎర్రటి గీత ఒకటి సన్నగా పాకి ఉంటుంది. గాలి లోపలికి వచ్చిన దారి అదే. కప్పు పైనుంచి చూస్తే ఆ గీత కనపడదు. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది.

దానికి ఎండ తోడు. మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. రబ్బరు మెత్తబడుతుంది, కప్పు కింద మిగిలిన కాస్త గాలి వ్యాకోచిస్తుంది, పట్టు తగ్గుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు కాబట్టి వాతావరణ పీడనమే దాదాపు పదో వంతు తక్కువ. అది పెద్ద తేడా కాదు గాని, ఉందని చెప్తున్నాను. అన్నిటికన్నా చెడ్డది కప్పుకీ కెమెరాకీ మధ్య తగిలించే పొడవాటి చెయ్యి (కడ్డీ). చక్రం కనపడాలని మూడు ముక్కలు తగిలించి కెమెరాని కిందికి దింపుతారు. చెయ్యి పొడుగైనకొద్దీ అదురు పెరిగి కప్పుని ఒక పక్కనుంచి పెకలిస్తుంది. డోరు మీద స్టిక్కర్ ఉంటే చెప్పక్కర్లేదు, కప్పు అంటుకున్నది స్టిక్కర్‌కే, స్టిక్కర్ లేస్తే అన్నీ లేస్తాయి.

ఎఫ్1 సంగతి వేరు. అక్కడ కెమెరా గూడు బాడీలో భాగం, ఎక్కడ ఉండాలో రూల్ బుక్కే చెప్తుంది. కెమెరా పెట్టని చోట డమ్మీ గూడు పెట్టాలి. దాన్ని తెచ్చి సక్షన్ కప్పు పక్కన పెట్టకు.

గుణుపురం మార్షల్:
మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాణ్ని నేను, కాబట్టి నా మాట కూడా వినండి. కారు మలుపు తిరుగుతుంది, ఊడిన కెమెరా తిరగదు. ఊడిన క్షణంలో కారు ఎటు పోతోందో కెమెరా తిన్నగా అటే వస్తుంది. మలుపు బయటి వైపు ఎవరుంటారు? మేమూ, ఫోటోలు తీసేవాళ్లూ, తాడు అవతల చూడ్డానికొచ్చిన పిల్లలూ.

గోప్రో హీరో 12 బరువు 154 గ్రాములు. క్రికెట్ బంతి 156 నుంచి 163. అంటే 80 స్పీడులో ఒక బంతి వస్తోంది, వేస్తున్నామని మాకెవరూ చెప్పలేదు, ప్యాడ్లు లేవు, చూపు కారు మీద ఉంది. పైగా ఈ బంతికి మూలలున్నాయి. నీ టైరు షాపు వీడియో కోసం నేను ఇది ఒప్పుకోను చిన్నా.

జయపురం చిన్న:
అన్నా, మలుపు దగ్గర మీ ప్రాణం సంగతికి నేను ఎదురు చెప్పను. కానీ లోపల పెడితే ప్రమాదం ఎక్కడికి పోయింది? బయట ఊడితే ఎవరికైనా తగలొచ్చు, తగలకపోవచ్చు. లోపల ఊడితే మూరెడు దూరంలో నా తల ఉంది. పోయినసారి డాష్‌బోర్డ్ మీద జిగురు టేపుతో అంటించిన కెమెరాకి కూడా స్టిక్కర్ వేసి పంపారు. గట్టిగా బ్రేక్ పడినా, బోల్తా కొట్టినా అది ఎటు పోతుంది? బయటా లోపలా అన్నది కాదు, దేనికి ఎలా బిగించారన్నది చూడాలి. రూల్ అలా రాస్తే నేనూ సంతకం పెడతాను.

రాయగడ గ్యారేజీ:
ఇది న్యాయమైన మాట. డాష్‌బోర్డ్ మీద అంటించినవాటికి నేనైతే స్టిక్కర్ వెయ్యను. అందులోనూ ఎయిర్‌బ్యాగ్ మూత మీద అసలే వద్దు.

జయపురం చిన్న తమ్ముడు:
హెల్మెట్ మీద పెట్టుకుంటే గొడవే లేదు కదా?

గుణుపురం మార్షల్:
వద్దు బాబూ. తయారైన హెల్మెట్‌ని మార్చకూడదన్నది ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ రూల్. దెబ్బ తగిలినప్పుడు హెల్మెట్ జారిపోవాలి, దాని మీద ముద్ద ఒకటి ఉంటే అది నేలకి తట్టుకుని మెడ తిప్పేస్తుంది.

బరంపురం స్టూడియో:
పెళ్లిళ్లు, ఊరేగింపులు, ఇప్పుడు కార్లు కూడా తీస్తున్నాను. లోపలి వీడియో చప్పగా ఉంటుందని అంటుంటారు. చాలామంది తీసేది చప్పగా ఉంటుంది, నిజమే. కెమెరాని అద్దానికి అంటించి ముందుకి తిప్పేస్తారు. బానెట్టూ ఆకాశమూ తప్ప ఏమీ ఉండదు.

ముందు సీట్ల మధ్య, కాస్త వెనక, డ్రైవర్ భుజం ఎత్తులో పెట్టి చూడండి. రోల్ కేజ్ (బోల్తా పడినా నలగకుండా లోపల వేసే గొట్టాల చట్రం) ఉంటే దాని గొట్టానికి స్టీల్ క్లాంప్. లేకపోతే హెడ్‌రెస్ట్‌ని పట్టుకునే రెండు కడ్డీలకి అడ్డంగా బార్ వేసి దానికి బిగించండి. ఫ్రేములో స్టీరింగ్, రెండు చేతులు, గేరు, అద్దంలోంచి ట్రాక్, అన్నీ ఒకేసారి రావాలి. వెనక చక్రం జారినప్పుడు చేతులు ఎదురు తిప్పడం కనపడుతుంది చూడండి, నన్నడిగితే ఆటోక్రాస్‌లో అంతకన్నా మంచి దృశ్యం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మళ్లీ మళ్లీ చూసేది కూడా అదే.

వీడియోలో అదురు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేయండి. కెమెరా లోపల కదలికని పట్టే గైరో, ట్రాక్‌ని నిలకడగా ఉంచాలని చూస్తుంది, దాంతో కారు లోపలి భాగమంతా ఊగిపోతూ కనపడుతుంది, చూసేవాళ్లకి వాంతి వస్తుంది. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) బయటి వెలుతురుకి లాక్ చెయ్యండి, లేకపోతే అద్దం అవతల అంతా తెల్లబారిపోతుంది. లోపల గాలి తగలదు కాబట్టి 4కేలో ఎక్కువసేపు తీస్తే కెమెరా వేడెక్కి ఆగిపోతుంది. పరుగుకి ముందు ఆన్ చెయ్యండి, అవగానే ఆపండి. ఇంజిన్ చప్పుడు మాత్రం లోపలే బాగా వస్తుంది, బయట మైకులో గాలి హోరు తప్ప ఏమీ మిగలదు.

టైరు షాట్ కావాలంటే ప్రాక్టీస్ రోజు తీసుకో తమ్ముడూ, జనం లేనప్పుడు, నెమ్మదిగా. కెమెరా నేలకి దగ్గరగా, వైడ్‌లో ఉంటే నలభై కూడా తొంభైలా కనపడుతుంది. పోటీ రోజే తియ్యాలని షాపతను అడగలేదు కదా?

జయపురం చిన్న:
అడగలేదు అక్కా. కానీ ప్రాక్టీస్‌లో తీసింది పోటీలోదని చెప్పి అతనికి ఇవ్వలేను.

పర్లాకిమిడి మాస్టారు:
ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఈ చర్చ చదివి ఎవరైనా కెమెరా తగిలించుకుని సాలూరు–సుంకి ఘాటీ ఎక్కితే నాకు బాధ. ఆ రోడ్డు మీద లోడు లారీలు, బస్సులు, సంతకి నడిచివెళ్లే మనుషులు ఉంటారు. ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు పెట్టిన వీడియోనే మీ మీద సాక్ష్యం. ట్రాక్ మీద ఎంతైనా వాదించుకోండి, పిల్లల్ని ఆ ట్రాక్ దాకా తెచ్చినందుకు నాకు సంతోషమే.

రాయగడ గ్యారేజీ:
మాస్టారూ, మీరన్నది అందరి తరఫునా ఒప్పుకుంటున్నాం.

చిన్నా, ఇంకో దారి ఉంది. ముందు నంబర్ ప్లేట్ బోల్టులు విప్పి, వాటికే 3 మిల్లీమీటర్ల స్టీల్ పట్టీ బిగించు, పట్టీ చివర కెమెరా. చెయ్యి వద్దు, బంపర్‌కి ఎంత దగ్గరైతే అంత మంచిది. చక్రం పూర్తిగా రాదు, గానీ నేలా, మట్టీ, ముందున్న మలుపూ వస్తాయి. టో హుక్ జోలికి పోకు, బండి ఇరుక్కుంటే లాగడానికి అది ఖాళీగా ఉండాలి. లెన్స్‌కి రాళ్లు తగులుతాయి, పైన వేరే గాజు తొడుగు వేసుకో.

గుణుపురం మార్షల్:
బోల్టుతో బిగించి, వేరేగా చాసిస్‌కో బంపర్ లోపలి ఇనుముకో తీగ కట్టి ఉంటే నాకు అభ్యంతరం లేదు. సక్షన్ కప్పు, జిగురు టేపు మాత్రం బయటా వద్దు, లోపలా వద్దు. ఈ మాట నిర్వాహకుల మీటింగ్‌లో నేనే పెడతాను. ఒప్పుకుంటారని ఇప్పుడే మాట ఇవ్వలేను.

జయపురం చిన్న:
చాలు అన్నా. తీగ ఏది వాడాలి? నైలాన్ తాడు ఉంది నా దగ్గర.

రాయగడ గ్యారేజీ:
నైలాన్ సాగుతుంది, సైలెన్సర్ దగ్గరైతే కరుగుతుంది. సైకిల్ బ్రేక్ కేబుల్ లోపలి తీగ తెచ్చుకో, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. పట్టీ విరిగినా కెమెరా జానెడు కూడా జారకూడదు, పొడవు అంతే పెట్టు. పొడుగ్గా వదిలితే కెమెరా ఊగి హెడ్‌లైట్ పగలగొడుతుంది. తీగని కెమెరా కేసుకి కట్టు, కీలు ముక్కకి కట్టకు, ముందు విరిగేది ఆ ముక్కే. చివర్లు మడిచి స్లీవు వేసి నొక్కాలి, అది నేను నొక్కిస్తాను, బండి తీసుకురా.