నెలకు 10 కిలోలా, 2 కిలోలా? పెళ్లికి 10 వారాలే టైముంది

మందారపువ్వు:

అందరికీ నమస్కారం. వయసు 34, ఎత్తు 158 సెం.మీ., బరువు 78 కిలోలు, నడుము 96 సెం.మీ. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. థైరాయిడ్‌కి రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. షుగర్, బీపీ లేవు. అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లొచ్చి ఆపరేషన్ అయింది. మాఘమాసంలో తమ్ముడి పెళ్లి, ఇంకా 10 వారాలుంది.

నా ముందు రెండు దారులున్నాయి. ఒక వెయిట్ లాస్ సెంటర్ ప్యాకేజీలో పగలంతా జ్యూసులు, పొడి కలిపిన షేకులు, రాత్రికి ఒక కప్పు కూరగాయల సూపు. మొత్తం 600 కేలరీలు. నెలకి 10 కిలోలు గ్యారంటీ అంటున్నారు. డైటీషియన్ మాత్రం 1500 కేలరీలు తినమని, నెలకి 2 కిలోలు చాలని అంటున్నారు.

నెలకి 10 కిలోలు నిజంగా తగ్గుతాయా? తొందరగా తగ్గితే తొందరగా పెరుగుతారంటారు, అది ఎంతవరకు నిజం? అన్నం మానకుండా 1500లో సర్దుకోవడం ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

త్రాసు:

ముందు లెక్క చూద్దామండి. మీ వయసు, ఎత్తు, బరువుకి కదలకుండా పడుకున్నా శరీరానికి సుమారు 1435 కేలరీలు కావాలి. కూర్చునే ఉద్యోగం కాబట్టి దాన్ని 1.4తో గుణిస్తే రోజు ఖర్చు 2000 దాకా వస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. మీరు నెలంతా పచ్చి మంచినీళ్లే తాగి ఉన్నారనుకోండి, 30 రోజులకి పడే లోటు 60,000. అంటే 7.8 కిలోల కొవ్వు. ఏమీ తినకపోతేనే 10 కిలోల కొవ్వు పోదు. ఇక 600 కేలరీలు తింటే పోయేది ఐదున్నర కిలోలే. అదీ లోటంతా కొవ్వు నుంచే పూడితే.

మరి సెంటర్లో త్రాసు 8, 9 కిలోల తగ్గుదల ఎలా చూపిస్తుంది? కాలేయంలో, కండల్లో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, అర కిలో దాకా ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి బాగా తగ్గించిన మొదటి నాలుగైదు రోజుల్లో ఆ నిల్వ ఖాళీ అయ్యి రెండు కిలోలు దిగిపోతాయి. పేగుల్లో ఉండే ఆహారం తగ్గుతుంది, ఉప్పు తగ్గడం వల్ల ఇంకొంచెం నీరు పోతుంది. మిగతాది కండ. కిలో కొవ్వు పోవడానికి పడాల్సిన లోటులో నాలుగోవంతు పడినా కిలో కండ పోతుంది. అందుకే కండ కరిగేవాళ్లకి త్రాసు మీద అంకె జోరుగా దిగుతుంది. గ్యారంటీ ఇచ్చేది ఆ అంకెకే. పెళ్లిలో రెండు పూటలు భోజనం చేస్తే నీటి బరువు రెండు కిలోలూ వెనక్కి వచ్చేస్తాయి.

కొర్రలు_అరికెలు:

త్రాసు గారు చెప్పిన కండ సంగతి ఇంకొంచెం చెప్పాలి. తిండి 600కి పడిపోయి, అందులో ప్రొటీన్ 20, 25 గ్రాములే ఉండి, వ్యాయామం లేకపోతే శరీరం కండని విరిచి వాడుకుంటుంది. జ్యూసుల డైట్‌లో అసలు లోపం అదే. తర్వాత మామూలు తిండికి వచ్చేసరికి ఖర్చు తగ్గి ఉంటుంది, ఆకలి మాత్రం పెరిగి ఉంటుంది. అమెరికాలో ఒక టీవీ బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా వాళ్ల శరీరాలు ఆ బరువుకి ఖర్చు కావాల్సిన దానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చు చేస్తున్నాయి.

మీ విషయంలో నాకు ఎక్కువ భయం గాల్ బ్లాడర్ గురించి. అమ్మగారికి రాళ్లొచ్చాయి, మీరు స్త్రీ, బరువు ఎక్కువ. మూడూ ఆ రిస్కును పెంచేవే. వారానికి కిలోన్నర మించి తగ్గితే కాలేయం పిత్తంలోకి, అంటే కొవ్వు అరగడానికి అది తయారుచేసే రసంలోకి, కొలెస్ట్రాల్ ఎక్కువ వదులుతుంది. తిండిలో నూనె, నెయ్యి లేకపోతే గాల్ బ్లాడర్ ముడుచుకోదు, పిత్తం కదలకుండా నిలవ ఉండి చిక్కబడుతుంది. రాళ్లు కట్టేది అలాగే. రోజులో ఒక్క భోజనంలోనైనా 7 నుంచి 10 గ్రాముల కొవ్వు, అంటే రెండు టీస్పూన్ల నూనె, ఉండాలనేది అందుకే. తిన్నాక కుడివైపు డొక్క కింద నొప్పి మొదలై కుడి భుజానికి పాకినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా గ్యాస్ మాత్ర వేసుకుని ఊరుకోకండి. ఆసుపత్రికి వెళ్లి స్కానింగ్ చేయించుకోవాలి.

థైరాయిడ్ మాత్రకీ షేకు పొడులకీ పొసగదు. వాటిలో కాల్షియం, ఐరన్, సోయా ఉంటే మాత్ర సరిగ్గా ఒంటపట్టదు. కాల్షియం, ఐరన్‌కి మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. బరువు బాగా తగ్గితే మోతాదు కూడా మారవచ్చు కాబట్టి 8 వారాలకి టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ రక్తపరీక్ష, చేయించుకోండి.

జుట్టు విషయం కూడా. తిండి ఒక్కసారిగా పడిపోతే జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలల తర్వాత దువ్వెనకి కుచ్చులుగా వస్తుంది. మీ లెక్కన చూస్తే సరిగ్గా పెళ్లి రోజులకి.

నడకదారి:

వేగంగా తగ్గడమే తప్పన్నట్టు మాట్లాడటం మాత్రం సరికాదు. మెల్‌బోర్న్‌లో 200 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 12 వారాల్లో, రెండో జట్టుకి 36 వారాల్లో బరువు తగ్గించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. వేగంగా తగ్గిన జట్టులో 81 శాతం మంది లక్ష్యం, అంటే 12.5 శాతం తగ్గుదల, అందుకున్నారు. నిదానం జట్టులో 50 శాతమే. మూడేళ్ల దాకా కనిపెట్టి చూస్తే రెండు జట్లవాళ్లూ తగ్గినదాంట్లో దాదాపు 71 శాతం తిరిగి పెరిగారు. "తొందరగా తగ్గితే తొందరగా పెరుగుతారు" అన్న మాట అక్కడ నిలబడలేదు. మొదటి నెలలో ఫలితం కనిపించకపోతే చాలామంది మానేస్తారు, అదీ నిజమే కదా.

కొర్రలు_అరికెలు:

ఆ ఫలితాలు సరైనవే, ఒప్పుకుంటాను. అయితే అక్కడ వేగంగా తగ్గినవాళ్లు తాగింది జ్యూసులు కాదండి. రోజుకి 450 నుంచి 800 కేలరీలే అయినా ప్రొటీన్, విటమిన్లు, లవణాలు లెక్కకట్టి తయారుచేసిన భోజన ప్యాకెట్లు, పైన డైటీషియన్ పర్యవేక్షణ. ఈ సెంటర్ ప్యాకేజీని దాని పక్కన పెట్టలేం. ఇంకో సంగతి, నిదానంగా తగ్గినవాళ్లూ 71 శాతం పెరిగారంటే "నిదానం" అన్న పేరే కాపాడదని అర్థం. తగ్గాక ఏం తింటారన్నది ముందే అలవాటై ఉండాలి. షేకులు తాగిన మూడు నెలల్లో ఇంట్లో అన్నం ఎంత పెట్టుకోవాలో నేర్చుకునే అవకాశం ఒక్కరోజు కూడా దొరకదు.

పెద్దకొడుకు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ వచ్చి మూడేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. వేగంగా బరువు తగ్గితే షుగర్ మందులే అక్కర్లేదని విని రేపటి నుంచి అన్నం పూర్తిగా మానేస్తానంటున్నారు.

కొర్రలు_అరికెలు:

రేపే వద్దని చెప్పండి. నాన్నగారు విన్నదాంట్లో నిజం ఉంది. బ్రిటన్‌లో షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీల డైట్ ఇస్తే, ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ జబ్బు హద్దు కిందికి వచ్చారు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. వేగంగా తగ్గడం నిజంగా పనికొచ్చే చోటు ఇది. కానీ అక్కడ మొదటిరోజే డాక్టర్లే షుగర్ మందులు, బీపీ మందులు ఆపించి, తర్వాత రీడింగులు చూస్తూ నడిపించారు.

గ్లిమెపిరైడ్ వేసుకుని అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, అర్ధరాత్రి నిద్రలోనే స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌తో ఇంకో ప్రమాదం. పిండిపదార్థాలు బాగా మానేస్తే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుని మనిషి ప్రాణం మీదికి రావచ్చు, అప్పుడు గ్లూకోమీటర్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనపడదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ అంకె చూసి ధైర్యపడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, "తిండి ఇంత తగ్గిస్తాను, ఏ మందు ఎంత తగ్గించాలి?" అని అడిగాకే మొదలుపెట్టమనండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపొద్దు.

వంటగది_కొలతలు:

మందారపువ్వు గారి మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మీరు చేరాలనుకునే బరువు 62 అనుకుందాం. తగ్గే రోజుల్లో కిలోకి 1.2 గ్రాముల లెక్కన రోజుకి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన తిండిలో కష్టమంతా అక్కడే.

పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, ఒక్కోదానికి ఒక టీస్పూన్ నూనె, అల్లం పచ్చడి: 310 కేలరీలు, 14 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో పప్పు, ఒక టీస్పూన్ నూనెతో బీరకాయో సొరకాయో కూర గిన్నెడు, 150 గ్రాముల పెరుగు: 490 కేలరీలు, 18 గ్రాములు. సాయంత్రం 30 గ్రాముల సెనగలు నానబెట్టి ఉడికించినవి, చక్కెర లేని టీ: 150, 7 గ్రాములు. రాత్రి 40 గ్రాముల పిండితో ఒక జొన్నరొట్టె, రెండు గుడ్లు, కూర, పలచని మజ్జిగ: 435, 21 గ్రాములు. ఇవన్నీ కలిపితే 1385 కేలరీలు, 60 గ్రాములు. ఇంకా 15 గ్రాముల లోటుంది. కూరలో 30 గ్రాముల మీల్‌మేకర్ (సోయా ముక్కలు) వేస్తే అది తీరుతుంది, దానికి ఇంకో 100 కేలరీలు. మాంసాహారం తినేరోజు గుడ్లు, మీల్‌మేకర్ రెండూ తీసేసి 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్ పెట్టుకోండి. సోయా తినేరోజుల్లో థైరాయిడ్ మాత్ర పొద్దున వేసుకుని మీల్‌మేకర్ రాత్రికి వండుకుంటే సరిపోతుంది.

లెక్క తప్పేది రెండు చోట్ల. ఒకటి బియ్యం. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు నిండా పోస్తే 150 గ్రాములు పడుతుంది. మీ వంతు అరకప్పు కంటే తక్కువ. ఉడికాక కొలిస్తే నీటిని బట్టి బరువు మారిపోతుంది కాబట్టి బియ్యంగానే తూచండి. రెండోది నూనె. ప్యాకెట్ నుంచో క్యాన్ నుంచో బాణలిలోకి వంచి పోస్తే చెయ్యి చెప్పిన మాట వినదు. పోపు కోసం అనుకున్న చెంచాడు మూడు చెంచాలవుతుంది, ఒక్కో టీస్పూన్ 40 కేలరీలు. చిన్న గిన్నెలోకి ఆ రోజు నూనె ముందే తీసిపెట్టుకుని, పోపు, కూర, అట్లు అన్నీ దాంట్లోంచే చేయండి. నలుగురున్న ఇంట్లో నెలకి 4 లీటర్లు అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకి 270 కేలరీలు నూనె నుంచే వెళ్తున్నాయి. అన్నం మానేసినవాళ్లు చాలామంది ఈ నూనె వైపు చూడరు.

మందారపువ్వు:

చాలా థాంక్సండీ. 1500 ప్లాన్‌కే వెళ్తాను. 10 వారాల్లో ఎంత ఆశించవచ్చు? త్రాసు ఎప్పుడు ఎక్కాలి? జిమ్ అవకాశం లేదు.

త్రాసు:

రోజుకి 500 లోటుతో వారానికి 450 గ్రాముల కొవ్వు. మొదటి వారం నీరుతో కలిపి 10 వారాలకి 5 కిలోల అటూఇటూ. నడుము దగ్గర సుమారు 5 సెం.మీ. మీ బరువుకి వారానికి 750 గ్రాములు పైహద్దు, దాన్ని మించకండి.

పొద్దున లేచి, బాత్రూం పని అయ్యాక, ఏమీ తాగకముందు తూచుకోండి. రోజూ తూచి, ఏడు రోజుల సగటు రాసి, సగటుని సగటుతోనే పోల్చండి. ఆవకాయ వేసుకుని తిన్న మర్నాడు 800 గ్రాములు, నెలసరి ముందు కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది. అది నీరు. ఆ వారం తిండి కోసుకోకండి. వరసగా మూడు వారాలు సగటు కదలకపోతేనే నూనె, బియ్యం కొలతలు మళ్లీ తూచి చూడండి, సాధారణంగా తేడా దొరికేది అక్కడే. 70 కిలోలకి వచ్చేసరికి ఖర్చు కూడా వందకి పైగా తగ్గుతుంది, అప్పుడు లెక్క కొత్తగా కట్టుకోవాలి.

నడకదారి:

జిమ్ లేకపోయినా కండ నిలబెట్టుకోవచ్చు. వారానికి మూడు రోజులు, 25 నిమిషాలు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకి ఆనుకుని పుషప్‌లు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, 5 లీటర్ల ఖాళీ నూనె క్యాన్‌లో నీళ్లు నింపి నడుము వంచి ఒక చేత్తో పైకి లాగడం. ఒక్కోటి 10 సార్లు, మూడు విడతలు. మూడో విడతలో ఆఖరి రెండు సార్లు కష్టమవ్వాలి. తేలిగ్గా అయిపోతుంటే 12కి పెంచండి, లేదా కిందికి దిగేటప్పుడు మెల్లగా నాలుగు లెక్కపెట్టండి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం, రాత్రి తిన్నాక 15 నిమిషాల నడక.

వంటగది_కొలతలు:

ఇంకొక్క మాట. పెళ్లి జాకెట్ల కొలతలు ఇప్పుడే ఇచ్చేయకండి. 8వ వారం అయ్యాక ఇచ్చి, పక్క కుట్టు దగ్గర రెండు వేళ్ల గుడ్డ లోపల వదలమని టైలర్‌కి చెప్పండి.