కొత్త ఎంపీ3 ప్లేయర్‌లో కార్డు పెడితే ‘ఫైళ్లు లేవు’ అంటోంది, ఎవరికన్నా తెలుసా?

మిల్లు నైట్‌షిఫ్ట్, మిర్యాలగూడ
సాయంత్రం ఆరింటి నుంచి దీంతోనే కూర్చున్నా, పిచ్చెక్కుతోంది. మా రైస్ మిల్లులో డ్యూటీకి ఎక్కితే ఫోన్లు గేటు దగ్గరే పెట్టాలి. అందుకే బటన్ల ప్లేయర్ ఒకటి కొన్నా. పాటలు, పాడ్‌కాస్టులు అన్నీ కార్డులో ఎక్కించా. కంప్యూటర్‌లో కనిపిస్తున్నాయి. ప్లేయర్‌లో పెడితే కాసేపు గిర్రున తిరిగి ‘ఫైళ్లు లేవు’ అంటుంది. కార్డు తీసి, బనీనుతో తుడిచి, మళ్లీ పెట్టా. అదే మాట. రేపు రాత్రి డ్యూటీ ఉంది, చెప్పండి.

జడ్చర్ల జంక్షన్
కార్డు ఎన్ని జీబీ?

పాత టేపు, పాలమూరు
తమ్మీ, ముందు ఎంత బిట్‌రేట్‌లో, అంటే సెకను పాటకు ఎన్ని కిలోబిట్ల (కేబీపీఎస్) డేటా పెట్టి ఎక్కించావో చెప్పు. 128 కేబీపీఎస్ అయితే నిమిషానికి ఒక ఎంబీ దాకా పడుతుంది, 320 అయితే దాదాపు రెండున్నర. ఉత్త మాటలకు 64 చాలు. పాటకు చాలదు. ఒగ్గుకథలో డోలు ఎట్లనో నెట్టుకొస్తది గానీ, తాళాల చప్పుడు మాత్రం ఇసుకలో చెప్పులు ఈడ్చినట్టు అయితది. నేను ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

మిల్లు నైట్‌షిఫ్ట్
అన్నా, వడ్లు పైకెక్కించే ఎలివేటర్ మోతలో 64 అయినా 320 అయినా ఒకటే. అసలు పాడితే కదా!

నకిరేకల్ టీచర్
ఆ మోతను మించి వినాలని సౌండ్ పెంచుతారేమో, చెవులు పోతాయి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పైగా మిషన్ల పక్కన రెండు చెవులూ మూసుకుంటే ఎవరైనా అరిచినా వినపడదు. ఇంకో మాట, కొందరు యూట్యూబ్‌లోంచి తీసిన ఇంటర్వ్యూలను కూడా పాడ్‌కాస్ట్ అంటారు, అలా అనకూడదు. ఆర్ఎస్ఎస్ ఫీడ్, అంటే కొత్త ఎపిసోడ్లు వాటంతటవే యాప్‌కు చేరేలా చేసే జాబితా, ఉండాలి. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ కలిపి 2004లో పుట్టిన మాట అది.

పాత టేపు, పాలమూరు
ఐపాడే కనుమరుగైంది, ఇంకా దాని పేరెందుకు? ముచ్చట అంటే సరిపోదా?

నకిరేకల్ టీచర్
ముచ్చటకు ఎపిసోడ్లు ఉంటాయా?

పాత టేపు, పాలమూరు
మా అమ్మ చెప్పేవాటికి ఉంటయి.

జడ్చర్ల జంక్షన్
మళ్లీ అడుగుతున్నా. ఎన్ని జీబీ?

మిల్లు నైట్‌షిఫ్ట్
128. ఎక్కువుంటే మంచిదని తీసుకున్నా. చెప్పాల్సిన విషయమనుకోలేదు.

జడ్చర్ల జంక్షన్
అదే గొడవ. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, అంటే కార్డులో ఫైళ్లు సర్దే తీరు అది. కార్డు మీద సన్నగా ఎస్‌డీఎక్స్‌సీ అని ఉంటుంది, చూడు. చిన్న ప్లేయర్లు చాలావరకు ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే చదువుతాయి. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ కొడదామంటే 32 జీబీ దాటిన కార్డుకు ఫ్యాట్32 ఆప్షన్ చాలా కంప్యూటర్లలో రాదు. ఇంట్లో పాత ఫోన్ ఉంటే అందులో తక్కువ జీబీల కార్డేమైనా ఉందేమో చూడు. ముందు దాంతో ట్రై చెయ్యి.

మిల్లు నైట్‌షిఫ్ట్
మా చిన్నాన్న పాత ఫోన్‌లో 16 జీబీ కార్డు దొరికింది. పాటలు వస్తున్నాయి!! కానీ నేను నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్‌లో డౌన్‌లోడ్ చేసినవి రావట్లేదు. ఫోన్‌లోంచి కాపీ చేస్తే పేర్లన్నీ పొడుగు పొడుగు నెంబర్లే.

జడ్చర్ల జంక్షన్
వాటికి తాళం ఉంటుంది. ఆ యాప్‌లో తప్ప ఎక్కడా పాడవు. పాడ్‌కాస్ట్ అయితే, ఆ షో వాళ్ల సైట్‌లో ఎంపీ3 ఇస్తే అది దించుకో.

పాత టేపు, పాలమూరు
ఇంతకూ బిట్‌రేట్ చెప్పనేలేదు.

మిల్లు నైట్‌షిఫ్ట్
డ్యూటీ టైమైంది, వెళ్తున్నా. జడ్చర్ల అన్నా, థ్యాంక్స్. ఒకటో ఎపిసోడ్ అయిపోగానే పదోది మొదలవుతోంది, రెండోది ఎక్కడో కిందుంది. అదేంటో పొద్దున వచ్చి అడుగుతా.