పోర్ట్ ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి ఇంటి కంప్యూటర్లకు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి టెర్మినల్ వాడే పద్ధతి) కలవట్లేదు

ఇంట్లో ఒకే రౌటర్ కింద రెండు ఉబుంటు కంప్యూటర్లు ఉన్నాయండి. బయటి నుంచి రౌటర్ 2201 పోర్ట్‌కి వచ్చేదాన్ని 192.168.1.10కి, 2202కి వచ్చేదాన్ని 192.168.1.11కి, రెండూ లోపల 22కే (ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్) వెళ్లేలా ఫార్వర్డ్ చేశాను. ఇంటి వైఫైలో లోపలి అడ్రస్‌తో చక్కగా కలుస్తున్నాయి. ఆఫీసు నుంచి మాత్రం టైమౌటే.

రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది, బయటి సైట్లలో చూస్తే వేరే ఐపీ కనిపిస్తోంది. ఇది సీజీనాటే (ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం) కదా? (100.64 నుంచి 100.127 దాకా దానికే కేటాయించారు.) అదే అయితే కనెక్షన్ నా రౌటర్ దాకా రానే రాదు, ఈ రూల్స్ అన్నీ దండగే.

ఇంటికి ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) వస్తోంది గానీ ఆఫీసులో లేదు, కాబట్టి దాంతో నేరుగా కలవడం కుదరదు. వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్) ఒకటి ఎలాగూ ఉంది. ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) కలిపి, పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా మధ్యమధ్యలో పంపే ప్యాకెట్) 25 సెకన్లు పెడితే టన్నెల్ నిలబడుతుందా? లేక ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ (ఇంటి కంప్యూటరే వీపీఎస్‌కి కలిసి, వెనక్కి దారి తెరవడం) సరిపోతుందా? డెస్క్‌టాప్ స్క్రీన్ కనిపించక్కర్లేదు, టెర్మినల్ వస్తే చాలు. ఇలా నడుపుతున్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?