పాత ఇల్లు కొనేముందు నిర్మాణ పరీక్ష చేయించాల్సిందేనా?

కొత్త గడప (చర్చ ప్రారంభించినవారు)

22 ఏళ్ల క్రితం కట్టిన రెండంతస్తుల ఇల్లు ఒకటి కొనే ప్రయత్నంలో ఉన్నాను. ధర కుదిరింది, కాగితాలు న్యాయవాది చూశారు, అడ్వాన్సు మాత్రం ఇంకా ఇవ్వలేదు. హాలుకూ పడకగదికీ మధ్యనున్న గోడలో, తలుపు పైమూల నుంచి కప్పు వైపుగా ఏటవాలుగా ఒక బీట కనిపిస్తోంది. దానికి పుట్టీ పెట్టి రంగు వేశారు గానీ, ఆ కొత్త రంగు మీద కూడా అది మళ్లీ తెరుచుకుంది. నిర్మాణ ఇంజనీరుతో పూర్తిస్థాయి పరీక్ష చేయిద్దామని నేనంటే, కళ్లతో చూసిన గోడలకు మళ్లీ డబ్బు తగలేయడం ఎందుకని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. ఇంజనీరు మాట ఎత్తగానే అమ్మేవారు కూడా ముఖం ముడుచుకున్నారు. ఈ పరీక్ష కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని నిజంగా మార్చగలదా, లేక మన భయానికి మనమే కట్టుకునే రుసుమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రెండిళ్ల యజమాని

నా రెండో ఇంటికి ఇలాంటి పరీక్ష చేయించాను కాబట్టి చెబుతున్నాను, మూడో ఇల్లంటూ కొంటే చేయించను. 40 పేజీల నివేదిక చేతికి వచ్చింది. అందులో సగం "అల్మరా వెనుక గోడను చూడటానికి వీలు కాలేదు", "పునాది భూమిలో ఉన్నందున పరిశీలించలేదు", "పొడి వాతావరణంలో చూసినందున కప్పు కారుతుందో లేదో చెప్పలేము" అనే మాటలే. మిగతా సగంలో నేను అప్పటికే చూసిన పగుళ్లకు ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద "నిపుణులను సంప్రదించగలరు" అని రాశారు. నేను డబ్బిచ్చి సంప్రదించిన నిపుణుడు ఆయనే కదా! తీరా ఇంట్లో చేరిన మొదటి వానలకే మేడ మీది నీళ్లతొట్టి కింద నుంచి చెమ్మ దిగింది. ఆ తొట్టి ప్రస్తావనే 40 పేజీల్లో లేదు.

నా సలహా అడిగితే, ఏళ్ల తరబడి గోడలు కట్టిన మంచి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన వేలితో తట్టి చెప్పేదానికన్నా యంత్రాలు చెప్పేది పెద్దగా ఏమీ ఉండదు.

కొలబద్ద

నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి, నా మాటలోంచి ఆ మేరకు తీసివేసి చదవండి. పై నివేదిక రాసినవారిని నేను సమర్థించను. మేడ ఎక్కి తొట్టి కిందికి వంగి చూడని పరీక్షను పరీక్ష అనలేము. కానీ చెడ్డ నివేదిక ఒకటి వచ్చిందని పరీక్షే దండగ అనడం సరికాదు.

ముందు పగుళ్ల సంగతి చూద్దాం. బీముకూ దాని కింది ఇటుక గోడకూ మధ్య అడ్డంగా సన్నగా ఒక గీత ఉంటే, సాధారణంగా అది కాంక్రీటు, ఇటుక రెండూ ఎండకు, తేమకు వేర్వేరు తీరుల్లో సాగి కుంచించుకోవడం వల్ల వచ్చినదే, దానితో నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. తలుపుల, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా బయలుదేరి, ప్లాస్టరింగు గీకి చూస్తే ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా నడిచే పగులు వేరు. పునాది ఒకచోట దిగిందా, లేచిందా అని అక్కడ అడగాలి. పిల్లరు పొడవునా, లోపలి ఇనుప ఊచ ఎక్కడ ఉందో అక్కడే నిలువుగా వచ్చిన పగులు ఉంటే నేను మిగతా ఇల్లంతా వదిలి ముందు దాని దగ్గరే నిలబడతాను. పగులు ఎంత పొడవుంది అన్నదానికన్నా ఎటు నడిచింది, ఏ చివర వెడల్పయింది, ఇంకా కదులుతోందా అన్నవే ముఖ్యం. పుట్టీ పెట్టి రంగు వేసిన తరువాత కూడా తెరుచుకుందంటున్నారు కాబట్టి, మీ గోడ ఈ మూడో ప్రశ్నకు సగం జవాబు ఇప్పటికే ఇచ్చింది.

ఇక వేలితో తట్టి తెలుసుకోలేనిదానికి ఒక ఉదాహరణ చెబుతాను. మంచి కాంక్రీటు లోపల క్షారగుణం బలంగా, పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది, అదే ఇనుప ఊచకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి పైపొర నుంచి లోపలికి పాకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది ఊచ దాకా చేరి, తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది. పెచ్చులు ఊడిన స్లాబును ఎవరైనా పోల్చగలరు. ఊడకముందు తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొత్తగా చెక్కిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలిన భాగం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, అది పోయిన పైపొర రంగు మారదు. ఆ రంగు మారని పొర లోతును స్కేలుతో కొలవవచ్చు.

ఇలా లోపలికి పాకడం సుమారుగా కాలానికి వర్గమూలం లెక్కన నడుస్తుంది, అంటే లోతు రెట్టింపు కావడానికి నాలుగు రెట్ల కాలం పడుతుంది. 22 ఏళ్ల పిల్లరులో అది 20 మి.మీ. లోతుకు చేరి, ఊచ 25 మి.మీ. లోతులో ఉందనుకోండి, అక్కడికి చేరడానికి మొత్తం 34 ఏళ్లు, అంటే ఇక మిగిలింది 12 ఏళ్లు. అదే పొర 10 మి.మీ. దగ్గరే ఆగి ఉంటే మీ జీవితకాలంలో ఆ పిల్లరు గురించి ఆలోచించనక్కరలేదు. బయటికి మాత్రం రెండు పిల్లర్లూ ఒకే రంగులో, ఒకే నునుపుతో కనిపిస్తాయి.

రెండిళ్ల యజమాని

రసాయనం సంగతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నా ఇంట్లో ఆయన చేసింది అది కాదు. సుత్తిలాంటి పరికరంతో పిల్లర్లను పొడిచి, అది వెనక్కి తన్నిన అంకెలను పట్టికగా రాసి, కాంక్రీటు బలం ఇంత అని తేల్చారు. ఆ పరికరంతో వేసే అంచనాలో 25 శాతం అటూఇటూ ఉండవచ్చని తరువాత చదివాను. నాలుగో వంతు తేడా వచ్చే అంకెను నమ్మి కొనాలా, మానాలా?

కొలబద్ద

దాన్ని ఒక్కదాన్నే నమ్మి కొనకూడదు, మానకూడదు. ఆ పరికరం పైపొర గట్టిదనాన్నే చెబుతుంది, పైగా నేను పైన చెప్పిన మార్పు జరిగిన పాత కాంక్రీటులో పైపొర మరింత గట్టిపడుతుంది కాబట్టి, లేని బలాన్ని ఉన్నట్టు చూపే ప్రమాదం కూడా ఉంది. ఒకే ఇంట్లో ఏ పిల్లరు మిగతావాటికన్నా వేరుగా ఉందో పోల్చుకోవడానికే దాన్ని వాడాలి. తేడాగా కనిపించిన చోట ధ్వని తరంగాల పరీక్ష చేస్తారు. తరంగ వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే లోపల బాగున్నట్టు, 3 కన్నా తక్కువైతే అనుమానించాల్సినట్టు. అప్పటికీ తేలకపోతే కాంక్రీటు నుంచి స్తంభాకారపు ముక్కలు కోసి ప్రయోగశాలలో నలిపి చూస్తారు. మామూలు ఇంటికి అంతదూరం వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు.

అందుకే రెండు విడతలుగా చేయించుకోమంటాను. మొదట సగం రోజు కళ్లతో, టార్చితో, మట్టం కొలిచే పరికరంతో చూడటం. అందులో ఏదైనా అనుమానం వస్తే, ఆ అనుమానం ఉన్నచోట మాత్రమే పరికరాలు. అన్ని పరీక్షలూ కలిపి ఒకే మూటగా అమ్మేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి. మేడ, తొట్టి, స్నానాల గది కింది స్లాబు, మెట్ల అడుగుభాగం, మురుగు గొట్టాలు, వీటిలో ఏవేవి చూస్తారో పని ఒప్పుకునేముందే రాయించుకోండి.

ఇంకొక మాట. "చూడటానికి వీలు కాలేదు" అనే పేజీలను మీరు తిట్టుకున్నారు. నా దృష్టిలో నివేదికలో అన్నిటికన్నా పనికొచ్చేవి అవే, ఎందుకంటే అల్మరా జరపమని, పైకప్పు పలక ఒకటి విప్పమని అమ్మేవారిని అడగాల్సిన జాబితా అది. ఆ జాబితాను మీరు అమ్మకానికి ముందు వాడుకున్నారా?

రెండిళ్ల యజమాని

లేదు. రిజిస్ట్రేషన్ అయిన తరువాతే చదివాను.

గడప అవతల

అమ్మేవారి తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా. పోయిన ఏడాది మా పాత ఇల్లు అమ్మకానికి పెడితే, నలుగురు కొనుగోలుదారులు నలుగురు నిపుణులను తెచ్చారు. ఒకరు వంటగదిలో రెండు పలకలు పగలగొట్టారు, ఒకరు పిల్లరు చెక్కి గుంట అలాగే వదిలేశారు, చివరికి ముగ్గురు కొనలేదు. ఆ గుంటను చూసి నాలుగోవారు "ఇదేమిటి, ఎవరో అనుమానపడినట్టున్నారే" అని బేరం మొదలుపెట్టారు. అందుకే ముఖం ముడుచుకున్న ప్రతి యజమానీ ఏదో దాస్తున్నాడని అనుకోకండి. ఏం చెక్కుతారో, ఎక్కడ చెక్కుతారో, ఎవరు పూడుస్తారో ముందే కాగితం మీద పెట్టి, నివేదిక నకలు ఒకటి మాకూ ఇస్తామని చెప్పి ఉంటే నేను మొదటివారికే తలుపులన్నీ తీసేవాడిని.

నల్లకోటు

అప్పు ఇచ్చే బ్యాంకు తన మనిషిని పంపి ఇల్లు చూపించుకుంటుంది కాబట్టి వేరే పరీక్ష అక్కరలేదని చాలామంది నమ్ముతారు. ఆ మనిషి చూసేది ఇల్లు ఆ అప్పుకు సరిపడా విలువ చేస్తుందా అని మాత్రమే.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. అప్పిచ్చే సంస్థ పంపిన మదింపుదారు ముఖ్యమైన మరమ్మతులేవీ అక్కరలేదని రాస్తే, ఆ కాగితాన్ని నమ్మి ఒకావిడ ఇల్లు కొన్నారు. కింద పొగగూటి గోడలను ఎప్పుడో తీసేశారని ఆ మదింపుదారు గమనించారు గానీ, పైన మిగిలిన భాగానికి ఆధారం ఉందో లేదో చూడలేదు. ఏడాదిన్నర తరువాత ఆ ఇటుకలు కప్పు చీల్చుకుని పడకగదిలో పడ్డాయి. 1989లో అక్కడి ప్రభువుల సభ, అప్పట్లో అదే వారి అత్యున్నత న్యాయస్థానం, ఆ మదింపుదారుదే బాధ్యత అని తీర్పు చెప్పింది. ఆవిడ గెలిచారు, నిజమే. కానీ ఆ గెలుపు కోసం కోర్టుల మెట్లన్నీ ఎక్కాల్సి వచ్చింది. పైగా ఆ తీర్పు అన్ని దేశాల్లోనూ మీకు అక్కరకు రాదు.

మూడో అంతస్తు

ఇదంతా విడి ఇంటికి సరే, ఫ్లాటు కొనేవారి సంగతేమిటి? నా ఫ్లాటులో పిల్లర్లు నాలుగే కనిపిస్తాయి, భవనాన్ని మోసేవి నేలమాళిగలో, ఇతరుల గోడల వెనుక ఉంటాయి.

కొలబద్ద

ఫ్లాటుకు గోడలకన్నా ముందు కాగితాలు అడగాలి. 2021 జూన్ 24న అమెరికాలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల నివాస భవనం ఒకటి పాక్షికంగా కూలి 98 మంది మరణించారు. ఈతకొలను పక్కనున్న స్లాబు మీద నీటిని ఆపే పొర విఫలమైందని, దాని కింద కాంక్రీటు బాగా దెబ్బతిందని 2018లోనే ఒక ఇంజనీరు నివేదిక ఇచ్చి ఉన్నారు. ఆ నివేదిక చెప్పిన లోపమే కూలడానికి కారణమని నేను అనడం లేదు. అలాంటి నివేదిక నివాసుల సంఘం దగ్గర ఉందా, ఉంటే చెప్పిన మరమ్మతులు చేశారా, అందుకు నిధి పోగుచేశారా అని కొనబోయేవారు అడగాలి. ఆపైన వాహనాలు నిలిపే చోటికి వెళ్లి తల ఎత్తి స్లాబు అడుగుభాగాన్ని చూడండి. తెల్లటి ఉప్పు చారలు, తుప్పు మరకలు అక్కడే ముందుగా బయటపడతాయి.

కొత్త గడప

అందరికీ కృతజ్ఞతలు. "గడప అవతల" గారు చెప్పినట్టే కాగితం రాసుకుని వెళ్తే, అమ్మేవారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇంజనీరు నిన్న వచ్చి నాలుగు గంటలు ఉన్నారు. ఆ పగులు తలుపు మూల దగ్గర ఒక మిల్లీమీటరు, కప్పు దగ్గరికి వెళ్లేసరికి వెంట్రుకంత. కింద వెడల్పుగా ఉండటం చూసి, ఆయన పరికరాల సంచి తెరవకుండా నేరుగా పెరట్లోకి వెళ్లి, ఇక్కడ ఎప్పుడైనా పెద్ద చెట్టు ఉండేదా అని యజమానిని అడిగారు. ఆరేళ్ల క్రితం గోడను ఆనుకుని ఉన్న చెట్టును కొట్టేయించారట. నేల బంకమట్టి. ఇన్నాళ్లూ చెట్టు తాగిన తేమ అంతా ఇప్పుడు మట్టిలోనే ఉండిపోయి, అది ఉబ్బి ఇంటి ఆ చివరను కొద్దికొద్దిగా పైకెత్తుతూ ఉండవచ్చని, ఇది కొన్నేళ్లు సాగి ఆగుతుందని, ఆగిందా లేదా అన్నదే తేలాలని చెప్పారు. పగులుకు అడ్డంగా మూడుచోట్ల జిప్సం ముద్దలు పెట్టి, పక్కన పెన్సిలుతో తేదీ వేశారు; గోడ ఇంకా కదులుతుంటే ఆ ముద్దలు పగులుతాయి. పిల్లర్లలో రెండుచోట్ల చెక్కి ద్రావణం చల్లితే రంగు మారని పొర 9 మి.మీ. దగ్గర ఆగింది. ఆ గుంటలను ఆయనే పూడ్చారు.

ధర గురించి ఇంకా మాట్లాడలేదు. రిజిస్ట్రేషన్‌ను నాలుగు నెలలు, అంటే వానలు పడి వెలిసేదాకా జరపడానికి యజమాని ఒప్పుకున్నారు. అందుకు బదులుగా అడ్వాన్సు కొంచెం ఎక్కువ ఇస్తున్నాను. ముద్దలు పగిలితే అది తిరిగి ఇవ్వాలని రాసుకున్నాం.

రెండిళ్ల యజమాని

ఆయన నీళ్లతొట్టి కింద చూశారా?

కొత్త గడప

చూశారు. బోర్లా పడుకుని, టార్చి వేసి చూశారు. చొక్కా పాడైంది.

రెండిళ్ల యజమాని

అయితే ఆయన పేరు నాకు విడిగా పంపండి. నాలుగు నెలల తరువాత ముద్దలు పగిలినా పగలకపోయినా ఇక్కడ వచ్చి రాయండి.