అప్‌డేట్: తూము షట్టర్లకు వచ్చిన పేటెంట్ నోటీసు సంగతి తేలింది

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అమలాపురం వైపు సర్కారు కాంట్రాక్టు పనిలో నేను తూము షట్టర్లు బిగిస్తే, వాటి రబ్బరు సీలు మా పేటెంటంటూ ఒక కంపెనీ నోటీసిచ్చింది, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

‘సర్కారు పని, నీకేం కాదు’ అని కొందరన్నది తప్పు. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 100 ప్రకారం కేంద్రం రాతపూర్వకంగా అనుమతిస్తేనే ఆ రక్షణ. పని అయ్యాక ఇచ్చినా చెల్లుతుందట. నా దగ్గరున్నది ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి వర్క్ ఆర్డరొక్కటే! పైగా పేటెంట్ గొడవొస్తే భారం కాంట్రాక్టరుదేనని అగ్రిమెంట్‌లోనే ఉంది. చదవకుండా సంతకం పెట్టాను.

గట్టెక్కించింది పేటెంట్‌లోని క్లెయిములు (హక్కు సరిగ్గా దేనిమీదో చెప్పే వాక్యాలు) చదవమన్న సలహా. లాయరు గారు మా సీలు ముక్క తెప్పించి, అడ్డంగా కోసి చూశారు. వాళ్ల క్లెయిములో రెండు అంచులు, మధ్యలో బోలు. మాది ఒకటే అంచు, లోపలంతా గట్టి రబ్బరు. అందుకే మాది వాళ్ల క్లెయిము కిందికి రాదని రాసి జవాబిస్తే వెనక్కి తగ్గారు.